అగ్గిపెట్టెలో వచ్చినవి

గుణుపూర్ స్టేషన్ రోడ్డులో
గడియారాలు బాగుచేసే బల్ల నాది.
ఇప్పుడు వాచీలు రావు,
అగ్గిపెట్టెలు వస్తాయి.
"ఏ కి పోకొ, ఘొడి మిస్త్రీ?"
కంటికి అద్దం బిగించుకునేలోపే
పెట్టె తెరిచేస్తారు.

ఒకసారి దొడ్లో వంగమొక్కలు వేశాను,
రెండు సాళ్ళు టమాటా.
ఓ పొద్దున వంగ చిగుళ్ళు తలలు వాల్చేశాయి.
పోసిన నీళ్ళకి మట్టి ఇంకా తడిగానే ఉంది.
బ్లేడుతో చిగురు చీల్చి అద్దం పెట్టాను.
లోపల గులాబి రంగులో ఒక చిన్న ప్రాణి
తలుపు గడియ వెయ్యకుండా స్నానానికి కూర్చున్నట్టు
ఉలిక్కిపడి వెనక్కి జరిగింది.
అలా మొదలైంది.

ముప్ఫై ఏళ్ళు చక్రాల పళ్ళు లెక్కపెట్టినవాణ్ణి,
కాళ్ళు లెక్కపెట్టడం ఎంత?
ముందు మూడు జతలు అన్నిటికీ ఉంటాయి.
పొట్టకింద మెత్తటివే చూడాలి.
ఐదు జతలుంటే తిన్నగా పాకుతుంది.
మధ్యలో రెండు జతలు తగ్గాయా,
నడుం ఎత్తి, దించి, మళ్ళీ ఎత్తి
ఆకు పొడుగునా దణ్ణాలు పెట్టుకుంటూ పోతుంది.
దాసరి పురుగని ఊరికే అనలేదు మావాళ్ళు.
ఎనిమిది జతలుంటే,
ముల్లంగి ఆకు మీది నల్లది,
ముట్టుకుంటే చచ్చినట్టు చుట్టుకునేది,
అది సీతాకోకల ఇంటిది కాదు,
కందిరీగల చుట్టం.

కొన్ని కనబడనే కనబడవు.
పగలంతా మట్టిలో దూరి పడుకుంటాయి.
పై ఆకు జల్లెడ,
కింది ఆకు మీద ఆవాలు చల్లినట్టు లద్దె.
దొంగకి ఆ పేరే పెట్టారు.
శనగపచ్చ పురుగుకి మాత్రం సిగ్గు లేదు,
తల టమాటాలో, సగం ఒళ్ళు బయట.
ఒక్క కాయా పూర్తిగా తినదు,
బంతిలో పక్క విస్తరి మీద చెయ్యేసే
మా బావమరిది లాంటిది.

ఎదురు మందుల కొట్టు భాస్కరం నవ్వుతాడు:
"పేరు తెలిస్తే ఏటి, తెలకపోతే ఏటి,
అన్నిటికీ ఒకటే సీసా!"
అన్ని వాచీలకీ ఒకటే బ్యాటరీ వెయ్యి చూద్దాం
అంటాను నేను.
అంటానే గాని,

ఆ భాద్రపదంలో సుకాంతి రైతా వచ్చింది
కొండదారి దిగి, సంతకి పోతూ.
అగ్గిపెట్టె చాలక పౌడరు డబ్బాలో తెచ్చింది.
వేలంత పచ్చపురుగు, తోక దగ్గర కొమ్ము,
వీపు మీద తెల్లగా
బియ్యం గింజలు నిలబెట్టినట్టు ఏవో.
అద్దం సరిగా బిగించకుండానే అన్నాను,
"గుడ్లు. ఒక్కోటీ ఒక్కో పురుగవుతుంది. నలిపెయ్."

ఆమె నలపలేదు.
"పురుగు గుడ్లు పెడతాదా మిస్త్రీ?
రెక్కలొచ్చినాక గదా పెట్టేది?"
మెల్లగా, తెలుగులోనే అడిగి
డబ్బా నా బల్ల మీదే వదిలి
చింతపండు బుట్ట ఎత్తుకుంది.

నాలుగో రోజు మూత తీస్తే
వాచీ స్క్రూల కన్నా చిన్నవి, రెక్కలున్నవి,
ఒక్కుమ్మడిగా లేచి నా దీపం చుట్టూ!
తెల్ల గూళ్ళ మూతలు ఎవరో కొలిచి కోసినట్టు.
పురుగు ఖాళీ సంచిలా పడి ఉంది.
దాన్ని లోపలినుంచి తిని
దాని వీపు మీదే ఇల్లు కట్టుకున్న కందిరీగ పిల్లలవి.

అంతకుముందు ఎందరితో నలిపించానో.
జగ్గిలి మాస్టారి దొడ్లో ఒకటి,
కాశీనగర్ నర్సమ్మగారి పాదు కింద రెండు,
గుర్తున్నవి ఇవి.

ఇప్పుడు పెట్టె మీద తేదీ వేసి
సొరుగులో పెడతాను. గురువారం రమ్మంటాను.
ఈలోపు భాస్కరం రెండు సీసాలు అమ్ముకుంటాడు.

మొన్న సుకాంతి మూడు వంకాయలు తెచ్చింది.
ఒకదానికి బొక్క ఉంది.
అద్దం తియ్యబోతే చెయ్యి అడ్డం పెట్టింది.
"లద్దెతో మూసుకుంటే లోపలున్నట్టు.
ఇది శుభ్రంగా ఉంది.
ఎల్లిపోయింది మిస్త్రీ.
ఆ పక్క కోసీసి కూరొండుకో."